అక్షరాల పట్టికకు అందని చూపు

కంటి పరీక్షకు వెళ్లినవారందరికీ గోడ మీది అక్షరాల పట్టిక పరిచయమే. చివరి వరుసలోని చిన్న అక్షరాలను సైతం చదవగలిగితే చీటీ మీద 6/6 అని రాస్తారు. చూపు నిండుగా ఉన్నదని మనం ఊరట చెందుతాము. అయితే రెటినైటిస్ పిగ్మెంటోజా అనే వంశపారంపర్య వ్యాధి ఉన్నవారిలో చాలామంది ఏళ్ల తరబడి ఆ చివరి వరుసను చదవగలుగుతారు. వారే మునిమాపు వేళ వాకిట్లోని మంచం కోడు తగిలి పడిపోతారు. పట్టిక తాను కొలవవలసినది సరిగానే కొలిచింది. కొలవకుండా వదిలినది చాలా ఉన్నది. ఆ మిగిలినదానిని కొలవడం నేర్చుకోవడానికి వైద్యశాస్త్రానికి సుమారు నూటయాభై ఏళ్లు పట్టింది.

1851లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోస్కోపును రూపొందించడంతో, వైద్యులకు సజీవంగా ఉన్న మనిషి కంటిలోని రెటీనాను చూసే వీలు కలిగింది. ఆ దశాబ్దంలోనే హాలెండ్ వైద్యుడు డాండర్స్ ఈ వ్యాధికి నేటి పేరు పెట్టాడు. 1856లో బెర్లిన్ వైద్యుడు ఫాన్ గ్రేఫే, చూపు పక్కలకు ఎంతవరకు వ్యాపించి ఉన్నదో కొలిచే పద్ధతిని రోగుల పరీక్షలో ప్రవేశపెట్టాడు. 1861లో అదే నగరంలో లీబ్రైష్, రక్తసంబంధీకుల మధ్య పెళ్లిళ్లు జరిగిన కుటుంబాలలో ఈ జబ్బు హెచ్చుగా ఉన్నదని గుర్తించాడు. అన్ని కుటుంబాలలోనూ కారణం అదే కాకపోయినా, మేనరికాలు వాడుకలో ఉన్న మన ప్రాంతం ఆ మాటను నేటికీ మరువరాదు. మరుసటి సంవత్సరం, 1862లో, డాండర్స్ సహచరుడు స్నెల్లెన్ అక్షరాల పట్టికను ప్రకటించాడు. చవకైనది, సులువైనది కావడంతో అది లోకమంతా వ్యాపించింది. చూపుకు అదే కొలబద్ద అనే భావం స్థిరపడిపోయింది.

ఈ వ్యాధిలో మసక వెలుతురులో పనిచేసే కడ్డీ కణాలు ముందు నశిస్తాయి. అందుచేత మొదట రేచీకటి కనిపిస్తుంది. ఆ తరువాత చూపు అంచుల నుంచి కుంచించుకుపోతూ, చివరకు వెదురు గొట్టం గుండా లోకాన్ని చూస్తున్నట్టు అవుతుంది. అక్షరాలు చదివే నడిమి భాగం చాలాకాలం మిగిలి ఉంటుంది. 1945లో స్విట్జర్లాండ్ వైద్యుడు గోల్డ్‌మన్ తయారుచేసిన గిన్నె ఆకారపు పరికరం ఈ కుంచింపును డిగ్రీలలో కచ్చితంగా చూపగలిగింది. అయినా అది కొలిచేది కంటినే. ఆ చూపుతో మనిషి రోజు ఎలా నెగ్గుకొస్తున్నాడన్నది ఏ పరికరమూ చెప్పలేదు. అది తెలియాలంటే ఆ మనిషినే అడగాలి.

అలా అడగడానికి అమెరికా జాతీయ నేత్ర సంస్థ తరఫున మాంజియోన్ బృందం 1998లో 51 ప్రశ్నల పట్టికను, 2001లో దానినే కుదించి 25 ప్రశ్నల పట్టికను ప్రచురించింది. అందులో కారు నడపడం గురించీ, చూపు గురించిన దిగులు గురించీ ప్రశ్నలు ఉన్నాయి. కాని అది ప్రధానంగా శుక్లాలు, నీటికాసులు వంటి, వయసు మళ్లాక వచ్చే జబ్బులను దృష్టిలో పెట్టుకొని తయారైనది. మన ఊరి బడిపిల్లవాడిని కారు నడపడం గురించి అడిగి ప్రయోజనమేమి?

ఈ లోటును గుర్తించినది హైదరాబాదు. 2003లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు చెందిన విజయ గోథ్వాల్, ఆమె సహచరులు చూపు తక్కువ ఉన్న పిల్లల కోసం 19 ప్రశ్నల పట్టికను వెలువరించారు. నల్లబల్ల మీదిది రాసుకోగలవా, బస్సు నంబరు పోల్చుకోగలవా, రూపాయి నాణేన్ని రెండు రూపాయల నాణేన్ని వేరుచేయగలవా అన్నవి అందులోని సంగతులు. పళ్లెంలో అన్నం ఎక్కడున్నదో చూసుకోవడం సులువు, సూదిలో దారం ఎక్కించడం కష్టం. రెంటికీ సమానంగా మార్కులు వేసి కూడితే ఆ మొత్తానికి అర్థముండదు. అందుకే డెన్మార్క్ గణితవేత్త రాష్ 1960లో ప్రచురించిన పద్ధతి ప్రకారం, ప్రతి ప్రశ్న కష్టాన్నీ ప్రతి పిల్లవాడి సామర్థ్యాన్నీ ఒకే కొలబద్ద మీద తూచారు.

కొలతను మార్చడం వలన ఏమి ఒరుగుతుందని మీరు అడగవచ్చు. 2017లో దానికి గట్టి జవాబు దొరికింది. ఆర్‌పీఈ65 అనే జన్యువు లోపించి చిన్ననాటి నుంచే చూపు కోల్పోతున్నవారికి జన్యుచికిత్స ప్రయోగం జరిగింది. అందులో 31 మందిని చేర్చుకున్నారు. నేల మీద బాణం గుర్తులు, అడ్డంకులు అమర్చి, 1 లక్స్ మసక నుంచి 400 లక్స్ వెలుగు దాకా వేర్వేరు వెలుతురులలో వారిని నడిపించారు. ఏడాది తరువాత చూస్తే, చికిత్స పొందినవారు మునుపటికంటే ఎంతో తక్కువ వెలుతురులో దారి పట్టుకోగలిగారు. అక్షరాల పట్టిక మాత్రం రెండు వర్గాల మధ్య గణాంకపరంగా లెక్కించదగిన తేడా చూపలేదు. కేవలం అక్షరాలనే నమ్ముకొని ఉంటే ఆ చికిత్స ప్రయోజనం కనిపించేదే కాదు. ఆ ఏడాది డిసెంబరులో అమెరికా దానికి అనుమతి ఇచ్చింది.

ఆ తరువాత మిచిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు వంశపారంపర్య రెటీనా వ్యాధుల కోసమే ప్రత్యేకంగా ఒక ప్రశ్నావళిని, చూపు వలన కలిగే ఆందోళనను కొలిచేందుకు మరొకదానిని రూపొందించారు. దీని అవసరం పైకి కనిపించేదానికంటే ఎక్కువ. ఒకే కొలత చూపు మిగిలిన ఇద్దరిలో ఒకరు చేతికర్ర పట్టుకొని ఉద్యోగానికి వెళ్తారు. మరొకరు, తమ బిడ్డకూ ఇదే వస్తుందేమోనన్న బెంగతో గడప దాటరు. మొదటివారికి నడక శిక్షణ చాలు; రెండవవారికి జన్యు సలహా, మనోధైర్యం కూడా కావాలి. ఆ తేడా కొలిస్తేనే తెలుస్తుంది.

మీ ఇంట రేచీకటి ఉన్నవారు ఉంటే, 6/6 చూసి తృప్తిపడక, చూపు వైశాల్యాన్ని కొలిచే పరీక్ష కోరండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఆ వైశాల్యం 10 డిగ్రీలకు లోపైతే, అక్షరాలు చదవగలిగినా, అంధత్వంగానే పరిగణించాలి. 10 నుంచి 40 డిగ్రీల లోపు అల్పదృష్టి. ఆపైన, వారు చీకటిపడ్డాక ఏ పని మానుకున్నారో, ఎందుకు మానుకున్నారో అడిగి, ఆ జవాబును వైద్యుని ముందు చెప్పండి. వైద్యునికి అదీ ఒక కొలతే.