స్వచ్ఛంద గణన: ఇంటి కంప్యూటర్ల వేడి (కామారెడ్డి, ఎల్లారెడ్డి)

ఇంటి కంప్యూటర్ తీరిక వేళలను ఇంటర్నెట్ ద్వారా శాస్త్ర పరిశోధనకు ఇచ్చే పద్ధతి స్వచ్ఛంద గణన. 1999 మే 17న బర్క్‌లీలో మొదలైన సెటీ ఎట్ హోమ్‌తో ఇది జనంలోకి వచ్చింది. ఆ ప్రాజెక్టు 2020 మార్చి 31 నుంచి కొత్త పని పంపడం మానేసింది. ప్రొటీన్ల మడతలను లెక్కగట్టే ఫోల్డింగ్ ఎట్ హోమ్ వంటివి మాత్రం సాగుతున్నాయి.

చిక్కంతా వేడితోనే. యంత్రం తాగే కరెంటు దాదాపు మొత్తం వేడిగానే బయటికొస్తుంది: 100 వాట్లది రాత్రింబవళ్లు నడిస్తే రోజుకు 2.4 యూనిట్లు. చలిదేశాల్లో అది గదిని వెచ్చబెడుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే కామారెడ్డి, ఎల్లారెడ్డిలలో ఆ కరెంటుకు తోడు కూలర్ ఖర్చు కూడా. పైగా ఫ్యాను ఏ ప్రాసెసర్‌నూ గది గాలికన్నా చల్లబరచలేదు. చాలా చిప్‌లు 100 డిగ్రీల దరికి చేరితే వాటంతటవే వేగం తగ్గించుకుంటాయి.

గడ్డి తెరల కూలర్ ఎండాకాలపు పొడిగాలిలో భేషుగ్గా పనిచేస్తుంది, వానాకాలంలో ఉక్కపోత పెంచుతుంది. దాని తడిగాలి కేబినెట్‌కు నేరుగా తగలకూడదు. హీట్‌సింక్‌లో పేరుకున్న దుమ్ము దులపడం అన్నిటికన్నా చౌక మందు.

ఇలాంటి గణన పనులు నడిపే బోయింక్ సాఫ్ట్‌వేర్‌లో ప్రాసెసర్ వాడకాన్ని సగానికి తగ్గించవచ్చు, రాత్రి వేళలకే పరిమితం చేయవచ్చు. దాని ఆండ్రాయిడ్ రూపంలో, బ్యాటరీ 40 డిగ్రీలు దాటితే పని ఆగేలా ముందే అమర్చి ఉంటుంది. అంటే ఇక్కడి మే మధ్యాహ్నాల్లో ఫోనుకు సెలవే.