బి.సి. జాబితా వెనుక కథ

మన సంఘ సభ్యులలో చాలామంది సర్వీసులో ఉండగా "బి.సి.–ఎ", "బి.సి.–డి" అన్న మాటలను రోస్టరు రిజిస్టర్లలో రాసినవారే. ఆ అక్షరాలు ఎక్కడి నుంచి వచ్చాయో మన పిల్లలకు తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో వృత్తి కళాశాలల సీట్లను పద్నాలుగేసి చొప్పున పంచేవారు. బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లకు, క్రైస్తవులకు కలిపి 1, ముస్లిములకు 1. ఈ కమ్యూనల్ జీ.వో. చెల్లదని చంపకం దొరైరాజన్ కేసులో 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. జూన్‌లోనే రాజ్యాంగాన్ని మొదటిసారి సవరించి 15(4) చేర్చారు.

అధికారమైతే వచ్చింది గాని, వెనుకబడినవారెవరో తేల్చేదెలా? 1966లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక జాబితా ప్రకటించింది. హైకోర్టు కొట్టివేసింది. 1968 మార్చిలో సాగర్ కేసులో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. ఏ సమాచారంతో, ఏ కొలబద్దతో ఆ జాబితా తయారైందో చూపే ఆధారం ప్రభుత్వం కోర్టు ముందు పెట్టలేకపోయింది. మంత్రివర్గం ఆలోచించే చేసిందన్న అఫిడవిట్టు సరిపోలేదు. ఫైళ్లు నడిపిన మనకిది కొత్త సంగతి కాదు! నోట్‌ఫైలు ఖాళీగా ఉంటే ఎంత న్యాయమైన ఉత్తర్వైనా నిలవదు. ఆ ఖాళీకి మూల్యం చెల్లించింది మాత్రం సచివాలయం కాదు, ఆ ఏళ్లలో సీటు చేజారిన పిల్లలు.

ఆ ఏడే ప్రభుత్వం ఒక కమిషన్‌ను వేసింది. అనంతరామన్ కమిషన్‌గా పేరుపడినది అదే. జిల్లాలు తిరిగి, ప్రశ్నావళులు పంపి, వినతులు విని 1970లో నివేదిక ఇచ్చింది. 92 కులాలను నాలుగు గ్రూపులు చేసింది. కమిషన్ 30 శాతం అడిగితే ప్రభుత్వం 25 ఇచ్చింది: ఎ 7, బి 10, సి 1, డి 7. అదే 1970 సెప్టెంబరు 23 నాటి 1793 నంబరు జీ.వో.

నా మట్టుకు, గ్రూపులుగా విడగొట్టడమే ఇందులో అసలు పని. లేకుంటే రజకుల, వడ్డెరల పిల్లవాడు తనకన్నా ముందుగా బడి మొహం చూసిన కులాలవారితో ఒకే వరసలో నిలబడవలసి వచ్చేది. అయితే ఈ జీ.వో. పనిచేసింది కాలేజీ గుమ్మం దగ్గర. ఊళ్లో హైస్కూలు లేక ఐదో తరగతితో ఆగిన ఆడపిల్లకు ఏ గ్రూపూ అక్కరకు రాలేదు.

ఈ ఉత్తర్వునూ హైకోర్టు కొట్టివేసింది. ఈసారి సుప్రీంకోర్టులో ప్రభుత్వం చేతిలో నివేదిక ఉంది. 1972 జనవరి 28న బలరాం కేసులో ఉత్తర్వు నిలిచింది. షెడ్యూల్డు కులాల 14, తెగల 4 కలిపినా మొత్తం 43 శాతమే గనుక, 1962లో బాలాజీ కేసు గీసిన యాభై గీత దాటలేదు. ఐదో అక్షరం "ఇ" వచ్చి చేరింది 2007లో.