వేలంపాట, లైసెన్సు ఫీజు, మన పెన్షను

1995 జులై 31న కలకత్తా నుంచి జ్యోతిబసుగారు సెల్‌ఫోనులో ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌గారితో మాట్లాడారన్న వార్త చదివి, "ఇది డబ్బున్నవాళ్ళ సరదా" అని మనలో చాలామందిమి తేలిగ్గా తీసుకున్నాం. రేట్లూ అలాగే ఉండేవి మరి. నిమిషానికి రూ. 16 దాకా, వచ్చిన కాల్‌కు కూడా చెల్లించాలి!

ఆ ఏడాదే సర్కిళ్ళవారీగా టెండర్లు పిలిచారు. మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్ టాటా సెల్యులార్‌కు, జె.టి. మొబైల్స్‌కు దక్కింది. దేశమంతటా కంపెనీలు పోటీపడి పాట పెంచేశాయి. చందాదారులు అనుకున్నంతమంది చేరలేదు. ఏటా కట్టవలసిన ఫీజు మాత్రం ఆగదు కదా. బకాయిలు పేరుకుపోయాయి. చివరకు 1999 నూతన టెలికాం విధానంలో, ఆదాయంలో వాటా ఇస్తే చాలని ప్రభుత్వం పద్ధతి మార్చింది. సెల్‌ఫోను సామాన్యుడి చేతికి రావడానికి ఇదే ముఖ్య కారణమని నా అభిప్రాయం.

ఈ పొరపాటు మన దేశానికే పరిమితం కాదు. 2000లో బ్రిటన్‌లో మూడోతరం మొబైలు లైసెన్సులు అయిదింటికి సుమారు 2,250 కోట్ల పౌండ్లు పలికాయి. అదే ఏడు జర్మనీలో 5,000 కోట్ల యూరోలదాకా వెళ్ళింది. నెట్‌వర్కు వేయకముందే అంత అప్పు! బ్రిటిష్ టెలికాం 2001లో తన మొబైలు వ్యాపారాన్నే విడదీసుకోవలసి వచ్చింది.

మన దగ్గర ఇంకో తగవు మిగిలింది. "ఆదాయం" అంటే ఏమిటి? టెలికాం రాబడి ఒక్కటేనా, వడ్డీలూ అద్దెలూ కూడానా? 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ప్రభుత్వ వాదననే సమర్థించింది. వడ్డీ, జరిమానాలతో కంపెనీల బకాయి లక్ష కోట్ల రూపాయలు దాటింది. 2023లో వొడాఫోన్ ఐడియా బకాయిల వడ్డీకి బదులుగా ప్రభుత్వమే ఆ కంపెనీలో పెద్ద వాటాదారు అయింది.

ఈ ఫీజులతో పెన్షనర్లకేం పని అనకండి. 2000 అక్టోబరు 1న మన శాఖ బి.ఎస్.ఎన్.ఎల్. అయినప్పుడు, 37-ఎ నిబంధన కింద మనకు ప్రభుత్వ పెన్షను దక్కింది. తరువాత అందులో ఒక మెలిక పెట్టారు. సంస్థనుంచి ప్రభుత్వానికి చేరే లైసెన్సు ఫీజు, పన్నులు, డివిడెండు కలిపిన మొత్తంలో 60 శాతం మించి పెన్షన్లకు ప్రభుత్వం భరించదట. మిగతాది సంస్థే మోయాలట. సంస్థ నష్టాల్లో పడ్డాక ఆ మాట తెలిసినవారికి నిద్రపట్టలేదు. సంఘాలు పట్టువిడవకుండా తిరిగిన మీదట 2016లో ఆ పరిమితి తొలగింది. ఆ ఉత్తర్వు ప్రతిని పి.పి.ఓ.తోపాటు ఒకే ఫైలులో ఉంచి, అది ఎక్కడుందో ఇంట్లోవారికి చెప్పి ఉంచండి.