షోకేసులోని చరిత్ర

ఎవరింటికైనా వెళ్ళివచ్చాక దారిలో మనం చెప్పుకునే మాటల్లో ఇదొకటి తప్పకుండా ఉంటుంది. "ఇల్లు పెద్దదే గానీ, ఆవిడకి బొత్తిగా టేస్టు లేదు." ఈ వాక్యంలోకి "ఆవిడ" ఎందుకు వచ్చిందో మనం పట్టించుకోం. ఇల్లు కట్టించింది ఆయన. రంగులు నిర్ణయించింది కాంట్రాక్టరు. సోఫా కొన్నది పెద్దకొడుకు. గోడ గడియారం ఆయన ఆఫీసువాళ్ళు ఇచ్చింది. అయినా తీర్పు ఆవిడ మీదే. కూరలో ఉప్పు తగ్గినా, పిల్లాడికి మార్కులు తగ్గినా ఆవిడే జవాబుదారీ అయినట్టు, ప్లాస్టిక్ ద్రాక్షగుత్తులకీ, మెరిసే కర్టెన్లకీ ఆవిడే జవాబు చెప్పాలి.

అభిరుచి మనిషికి పుట్టుకతో వచ్చే గుణం అన్నట్టు మాట్లాడతాం. కానీ ఎవరి అభిరుచిని మెచ్చుకోవాలో, ఎవరి అభిరుచిని చూసి నవ్వుకోవాలో తేల్చిన చరిత్ర ఒకటి ఉంది. ఆ చరిత్రలో కొంత భాగాన్ని మూసీ ఒడ్డు నుంచి కాటేదాన్ దాకా ఉన్న పదికిలోమీటర్ల దారిలోనే చదువుకోవచ్చు.

మూసీకి దక్షిణపు ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియం మొదట ఒక ఇంటి సామాను. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889-1949) 1912 నుంచి 1914 వరకు నిజాం దగ్గర దివానుగా పనిచేశాడు. తాత, తండ్రి కూడబెట్టినవాటికి తోడు తాను జీవితమంతా కొన్నవి కలిపి నలభై వేలకు పైగా వస్తువులు. తాత మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్న 'ముసుగు రెబెకా' పాలరాతి బొమ్మ, ముందువైపు మెఫిస్టోఫిలిస్‌గా వెనకవైపు మార్గరెట్టాగా చెక్కిన కొయ్యబొమ్మ, గంటగంటకీ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం, చైనా పింగాణీ, దంతపు కుర్చీలు. దేనికీ దేనితోనూ పొత్తు లేదు. 1949లో ఆయన చనిపోయాక, వివిధ భవనాల్లో పడివున్న ఈ సామాను సర్దడానికి జేమ్స్ కజిన్స్ అనే కళావిమర్శకుణ్ణి పిలిపించారు. 1951 డిసెంబరు 16న నెహ్రూ దివాన్ దేవిడీలోనే మ్యూజియం ప్రారంభించాడు. 1968లో అది ఇప్పుడున్న భవనానికి మారింది.

కుప్పగా ఉన్న సామానుని ఒక పండితుడు వరుసలో పెడితే అది 'సేకరణ' అయింది. ఒక మగవాడి మోజు జాతి సంపద అయింది. అందులో తప్పేమీ లేదు, మనమూ పిల్లల్ని తీసుకెళ్ళి ఆ గడియారం ముందు నిలబెట్టాం. ఒక చిన్న సంగతి మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ఆ నవాబు పెళ్ళి చేసుకోలేదు. అందుకని ఆ అతిశయాన్ని చూసి "ఆవిడకి టేస్టు లేదు" అనడానికి అక్కడ ఆవిడ లేదు.

అక్కణ్ణుంచి ఇంకా దక్షిణానికి వెళితే ఫలక్‌నుమా. పాయిగా అమీరు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టిన ఈ భవనంలో నూటొక్కమంది ఒకేసారి కూర్చుని తినే బల్ల ఉంది. ఈ ఇంటి అలంకరణ యజమానిని అప్పుల్లోకి దించింది. ఆరవ నిజాంని అతిథిగా పిలిచి ఇంటిని ఆయనకే సమర్పించుకోమన్న ఉపాయం భార్యదేనని ఒక కథ చెప్పుకుంటారు. కథ నిజమైనా కాకపోయినా, మగవాడి అభిరుచి తెచ్చిన అప్పుకి దారి వెతికే పని ఆడదానికి అప్పగించడం చూడండి. 2010 నుంచి అది హోటలు. అక్కడి ఆర్భాటాన్ని ఇప్పుడు 'రాజసం' అంటున్నారు.

ఇక మామూలు ఇళ్ళ సంగతి. ఇల్లు ఎలా ఉంటే ఇల్లాలు అలాంటిది అన్న సమీకరణం మనకి అనాదిగా వచ్చిందేమీ కాదు. సంస్కరణోద్యమ కాలంలో ఆడపిల్లకి చదువు ఎందుకంటే ఇల్లు చక్కదిద్దుకోవడానికే అని ఒప్పించాల్సి వచ్చింది. 1902లో మొదలైన 'హిందూసుందరి', 1928లో మద్రాసు నుంచి మొదలైన 'గృహలక్ష్మి' లాంటి పత్రికలు స్త్రీలకి రాసే చోటు ఇచ్చాయి. ఆ మేలు చిన్నది కాదు. అదే సమయంలో శుభ్రత, పొందిక, పొదుపు అనే కొలతలు కూడా స్త్రీల చేతికే వచ్చాయి. 1952లో ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ మొదలుపెట్టిన 'ప్రమదావనం' దశాబ్దాల పాటు మధ్యతరగతి స్త్రీలకి లోకాన్ని పరిచయం చేసింది. ఇలాంటి శీర్షికలు చదువుతూ పెరిగిన తరాలకి ఇల్లు ఒక పరీక్షాపత్రం కూడా అయింది. దిద్దేవాళ్ళు చుట్టాలు.

ఏది అందం అన్నది కూడా నిలకడగా లేదు. 1894లో రవివర్మ బొంబాయిలో ప్రెస్సు పెట్టాక అచ్చు లక్ష్మీ, సరస్వతీ సామాన్యుల గోడలమీదికి వచ్చారు. గుడిలోకి రానివ్వని కులాలవాళ్ళు కూడా దేవత ముఖాన్ని ఇంట్లో పెట్టుకోగలిగారు. కొద్దికాలానికే ఆనంద కుమారస్వామి లాంటి కళాపండితులు రవివర్మ బొమ్మల్లో నాటకీయత తప్ప భారతీయత లేదని తేల్చారు. అచ్చుపటాలు చౌకబారు అభిరుచికి గుర్తయ్యాయి. ఇప్పుడవే పాత పటాలు పాతసామాన్ల దుకాణాల్లో వేలల్లో పలుకుతున్నాయి. పటం మారలేదు, కొనేవాళ్ళు మారారు.

1952లో అఖిల భారత హస్తకళల బోర్డు ఏర్పడ్డాక కొండపల్లి ఎడ్లబండి, నిర్మల్ పళ్ళెం, కలంకారీ తెర చదువుకున్నవాళ్ళ ముందుగదిలోకి చేరాయి. మన ఇళ్ళలోనూ ఉన్నాయి. వాటిని చేసే కుటుంబాల ఇళ్ళలో షోకేసులో ఏముంటుందో అడిగామా? అక్కడా ప్లాస్టిక్ పూలే ఉండొచ్చు. వాళ్ళ చేతిపని మనకి అభిరుచి, వాళ్ళు కొనుక్కున్నది మనకి అభిరుచి లేకపోవడం. అభిరుచి తరగతుల మధ్య గోడ కడుతుందని ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త పియర్ బోర్డ్యూ 1979లో ఒక పెద్ద పుస్తకమే రాశాడు. అంతకు ముందు, ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాల్లో, వియన్నా ఆర్కిటెక్టు అడాల్ఫ్ లూస్ అలంకారాన్ని ఏకంగా నేరంతో ముడిపెట్టాడు. అలంకరించుకోవాలనుకోవడం ఎదగని మనుషుల లక్షణమన్నాడు. ఎదగనివాళ్ళ జాబితాలో ఆదివాసులున్నారు. స్త్రీల గురించీ ఆయన అభిప్రాయం గొప్పదేం కాదు. బోసిగోడే నాగరికత అన్న ఆ తీర్పు తర్వాత మన ఇంటీరియర్ డిజైనర్ల దాకా వచ్చింది.

మన దగ్గర దీనికి కులం కూడా తోడవుతుంది. దళిత స్నేహితురాలి ఇంటికి వెళ్ళి "ఎంత నీటుగా ఉంచుకున్నారో!" అని ఆశ్చర్యపోయే మెచ్చుకోలు అందరం విన్నదే. ఆ ఆశ్చర్యంలో ఉన్న అవమానం అన్నవాళ్ళకి తెలియకపోవచ్చు, విన్నవాళ్ళకి తెలుస్తుంది.

ఫలక్‌నుమా గుట్టకి మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలోనే కాటేదాన్. ప్లాస్టిక్, నూనె, బ్యాటరీలు, లోహాల పూత, రంగులు... ఎన్నో రకాల చిన్న ఫ్యాక్టరీలున్న పారిశ్రామికవాడ. ఇక్కడి మట్టిలో సీసం, క్రోమియం, నికెల్, జింకు, రాగి ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువ ఉన్నాయని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించారు. అదే ఏడాది మార్చిలో ఇదే దారి చివర శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకుంది. ఆ దారి పొడుగునా వచ్చిన హోర్డింగుల మీద తెల్లటి గోడలు, ఒకే ఒక్క పూలకుండీ ఉన్న ఇళ్ళ బొమ్మలు వెలిశాయి. వాటి వెనక ఉన్న వాడల్లో పాలమూరు నుంచీ, బీహార్, ఒడిశాల నుంచీ వచ్చినవాళ్ళు అద్దెగదుల్లో ఉంటారు. ఊరి ఇళ్ళలో పారేసిన ప్లాస్టిక్ ఇక్కడికొచ్చి, రంగురంగులుగా వేరుపడి, కరిగి గుళికలవుతుంది. ఆ వేరుచేసే పనిలో ఎక్కువ మంది ఆడవాళ్ళే.

మైలార్‌దేవ్‌పల్లి వైపు ఒక గదిలో అలాంటి పని చేసే ఒకామెతో మాట్లాడుతున్నాను. గోడనిండా పులుల బొమ్మ ఉన్న మఖమల్ తెర. దానిమీదుగా ఆకుపచ్చ ప్లాస్టిక్ తీగ. టీవీ మీద క్రోషా గుడ్డ. షోకేసులో కప్పులు, గాజు నెమళ్ళు, ఎవరివో పెళ్ళిళ్ళలో పంచిన స్టీలు డబ్బాలు. తెర గురించి అడిగాను.

"ఆడ గోడకు చెమ్మ ఉంటది అక్కా. సున్నం రాలి పిల్లల మీద పడుతుండె. ఓనరు మేకులు కొట్టొద్దంటడు, సున్నం ఎయ్యడు. గందుకే గది కట్టిన."

"పూలు?"

"అసలు పూలు ఈ పొగకు ఒక్క పొద్దు ఉంటయా? ఇవైతే ఆదివారం కడిగి మళ్ళ పెడ్త. కప్పులు నా బిడ్డయి. పరుగుపందెంల గెలిచింది."

ఆమె వివరించాక ఆ గదిలో అర్థంలేని వస్తువు ఒక్కటీ మిగల్లేదు. తెర చెమ్మ గురించి, తీగ పొగ గురించి, కప్పులు పిల్ల గురించి, డబ్బాలు ఆమె వెళ్ళొచ్చిన పెళ్ళిళ్ళ గురించి చెబుతున్నాయి. క్రోషా మాత్రం వేరే. దానికి ఏ అవసరమూ లేదు. "ఊకెనే, చేత్తోని ఏదన్న చెయ్యాలనిపించి అల్లిన" అంది. పన్నెండు గంటల పని తర్వాత చేత్తో ఏదన్నా చెయ్యాలనిపించడం! దాన్ని మనం కళ అనం, టైంపాస్ అంటాం. వైరు బుట్టలు, పూసల చిలకలు, గాజుముక్కల తోరణాలు... మన అమ్మల తరం చేసిన ఈ పనంతా ఏ మ్యూజియంలోనూ లేదు. ఏటా సంక్రాంతికి బొమ్మల కొలువులో రాముడి పక్కన క్రికెట్ జట్టునీ, గొల్లభామ పక్కన ప్లాస్టిక్ విమానాన్నీ పెట్టి కథలు అల్లిన స్త్రీలు చేసింది కూడా జేమ్స్ కజిన్స్ చేసిన పనే. వాళ్ళకి ఆ పేరు రాలేదు.

ఇల్లు ఆమెదేనా అన్న ప్రశ్న ఇంకా ఉంది. హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి వాటా ఇచ్చే సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే వచ్చింది, అదీ అప్పటికి పెళ్ళికానివాళ్ళకి. దేశమంతటికీ 2005లో వచ్చింది. చట్టం వచ్చినా కట్నం ఇచ్చాం కదా అని సంతకం పెట్టించుకోవడం మనకి తెలుసు. పుట్టింటి గోడ ఆమెది కాదు, అత్తింటి గోడ ఆమెది కాదు, అద్దె గోడ అసలే కాదు. చాలామంది స్త్రీలకి తమ ఇష్టం నడిచే స్థలం షోకేసులో రెండు అరలు, టీవీ మీద జానెడు చోటు. హక్కు లేని ఇంటికి ఆమెని బాధ్యురాల్ని చేసి, ఆ జానెడు చోటులో ఆమె పెట్టుకున్నదాన్ని చూసి మనం నవ్వుతున్నాం.

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలు తొలిసారి చరిత్రకి ఆధారాలయ్యాయి. మాట వినడం అప్పుడు నేర్చుకున్నాం. వస్తువుల్ని వినడం ఇంకా మొదలుపెట్టలేదు. కాగితం రాయని, ఆస్తి లేని, ఫొటోలో వెనక వరుసలో ఉండిపోయే స్త్రీలు మిగిల్చేవి చాలాసార్లు ఇవే. క్రోషా గుడ్డ చిరిగితే పారేస్తారు. గది ఖాళీ చేసిన రోజు పులుల తెర చెత్తబండి ఎక్కుతుంది. ఎవరు ఇచ్చారు, ఎప్పుడు కొన్నారు, ఎందుకు అక్కడే పెట్టారు అని ఈలోపే అడిగి రాసిపెట్టుకోవాలి. మన పరిశోధక విద్యార్థులు ఈ పని ఇప్పుడే మొదలుపెట్టవచ్చు, ముందుగా తమ తల్లుల షోకేసుల నుంచి.