రేడియో నియంత్రిత హెలికాప్టర్లలో రిసీవరు, ఫ్లైట్ కంట్రోలరు లోపాలు

రేడియో నియంత్రిత హెలికాప్టరు అనగా నేలపై నిలబడి ట్రాన్స్‌మిటరు సాయంతో ఎగురవేసే నమూనా హెలికాప్టరు. పంపిన సంకేతాన్ని అందుకునేది రిసీవరు. ఆ సంకేతాన్ని గైరో కొలతలతో కలిపి సర్వో మోటార్లకు ఆజ్ఞలుగా మార్చేది ఫ్లైట్ కంట్రోలరు. జర్మనీకి చెందిన డీటర్ ష్లూటర్ 1970 ప్రాంతంలో రూపొందించిన తొలితరం నమూనాలలో రోటరు నిలకడకు ఫ్లైబార్ అనే కడ్డీ ఉండేది. నేటి నమూనాలలో చాలావాటికి ఆ కడ్డీ లేదు. దాని పని కంట్రోలరే చేస్తుంది. అందువల్ల గాలిలో కంట్రోలరు ఒక్క క్షణం ఆగినా హెలికాప్టరును కాపాడుకోవడం దాదాపు అసాధ్యం.

== ముందు జాగ్రత్త ==
సుమారు 1.5 మీటర్ల వ్యాసం గల రోటరు నిమిషానికి 2,000 సార్లు తిరిగితే రెక్కల కొనల వేగం గంటకు 550 కి.మీ. దాటుతుంది. 2013 సెప్టెంబరులో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఒక పార్కులో తన హెలికాప్టరు రెక్క తగిలి 19 ఏళ్ళ యువకుడు మరణించాడు. కనుక బల్లపై పరీక్షించేటప్పుడు ప్రధాన రెక్కలను తీసివేయాలి, మోటారు తీగలను విడదీయాలి.

== విద్యుత్ సరఫరా ==
"సిగ్నల్ పోయింది" అని చెప్పుకునే ప్రమాదాలలో అనేకం నిజానికి వోల్టేజి పడిపోవడం వల్ల జరిగినవే. సర్వోలన్నీ ఒకేసారి బలంగా కదిలినప్పుడు విద్యుత్ ప్రవాహం ఒక్కసారిగా పెరుగుతుంది. సరఫరా దానికి చాలకపోతే రిసీవరు ఆగి, మళ్ళీ మొదటి నుండి మొదలవుతుంది. 2000ల మధ్యలో 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు వచ్చిన కొత్తలో కొన్ని రిసీవర్లు తిరిగి అనుసంధానం కావడానికి కొన్ని సెకన్లు తీసుకునేవి; హెలికాప్టరు కూలడానికి అంత సమయం కూడా అక్కరలేదు. మామూలు మీటరు ఈ క్షణిక పతనాన్ని చూపలేదు. కనిష్ఠ విలువను గుర్తుంచుకునే మీటరు కావాలి. రిసీవరుకు కెపాసిటరు తగిలిస్తే చిన్న కుదుపులు తగ్గుతాయి గానీ, బలహీనమైన సరఫరా బలపడదు.

== సంకేత లోపాలు ==
2.4 గిగాహెర్ట్జ్ యాంటెన్నాలో పనిచేసే భాగం కొనన ఉన్న సుమారు 31 మిల్లీమీటర్లే. అది కార్బన్ ఫైబరు చట్రం వెనుక దాగితే సంకేతం అందదు. రెండు యాంటెన్నాలుంటే వాటిని ఒకదానికొకటి లంబంగా అమర్చాలి. తోక రోటరును బెల్టు తిప్పే నమూనాలలో రాపిడి వల్ల స్థిర విద్యుత్తు పుట్టి, పొడి వాతావరణంలో సర్వోలు ఉలిక్కిపడినట్లు కదులుతాయి. తోక గొట్టాన్ని, మోటారు చట్రాన్ని ఒక తీగతో కలిపితే ఇది సాధారణంగా తగ్గుతుంది.

== గైరో, కంట్రోలరు ==
బ్యాటరీ కలిపిన వెంటనే కొన్ని సెకన్లు హెలికాప్టరును కదల్చరాదు. ఆ సమయంలోనే గైరో తన శూన్య స్థానాన్ని నిర్ణయించుకుంటుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది దిద్దుబాటు దిశ తారుమారు కావడం. ముక్కును చేతితో ఎడమకు తిప్పితే, కుడి రడ్డరు ఇచ్చినప్పుడు కదిలే వైపుకే తోక సర్వో కదలాలి. హెలికాప్టరును ముందుకు వంచితే స్వాష్ ప్లేటు వెనుకకు వాలాలి. దిశ తప్పుగా ఉంటే కంట్రోలరు ప్రతి చిన్న కదలికనూ ఆపకుండా పెంచుతుంది. నేల విడవకముందే హెలికాప్టరు పల్టీ కొడుతుంది.

నేలపై తోక సర్వో మెల్లగా ఒక చివరకు జరిగిపోవడం చూసి కొత్తవారు కంట్రోలరు చెడిపోయిందని అనుకుంటారు. దిశను పట్టి ఉంచే గైరోలకు అది సహజమే. అయితే ట్రాన్స్‌మిటరులో ట్రిమ్ములు సున్నా వద్దే ఉండాలి, లేకుంటే కంట్రోలరు వాటిని తిరగమనే ఆజ్ఞగా భావిస్తుంది.

ఎగిరేటప్పుడు తోక త్వరత్వరగా ఊగుతుంటే గెయిన్ ఎక్కువైనట్లు. నెమ్మదిగా ఒకవైపుకు జారుతుంటే ముందు కంపనాలను అనుమానించాలి: వంగిన షాఫ్టు, తూకం తప్పిన రెక్కలు, అరిగిన బేరింగు. కంట్రోలరు కింద మెత్తని టేపు మార్చడం చివరి ఉపాయమే.

తోక సర్వోలలో కొన్ని 1,520, కొన్ని 760 మైక్రోసెకన్ల మధ్య స్పందనతో పనిచేస్తాయి. ఇది తప్పుగా ఎంచుకుంటే సర్వో ఒక చివరకు నొక్కుకుపోయి వేడెక్కుతుంది.