ఎండని ఏడో చేప

అమెరికాలో ఉటా రాష్ట్రం, సాల్ట్ లేక్ సిటీ. 1988 నవంబరు 2, బుధవారం రాత్రి. విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ విభాగానికి పెద్దదిక్కు ఒక వ్యాక్స్ 8600 యంత్రం. రాత్రి తొమ్మిది వేళకి దాని మీద లోడు అరకీ రెండుకీ మధ్య ఊగుతూ ఉంటుంది. లోడంటే కిలోలు కాదు. తమ వంతు కోసం నిలబడ్డ పనులు గడచిన నిమిషంలో సగటున ఎన్ని ఉన్నాయన్న లెక్క. రేషన్ షాపు ముందు క్యూ అనుకోండి. ఆ యంత్రం ముందు క్యూ అయిదుకు చేరితే టెర్మినల్ దగ్గర కూర్చున్నవాళ్లకి నత్తనడక తెలిసిపోతుంది. ఇరవై దాటితే ఇక ఆశ వదులుకోవడమే.

ఆ రాత్రి 8.49కి క్యూలోకి ఒక కొత్త మొహం వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకునే పేరూ కాదు దానిది: ఎస్‌హెచ్. మనం కొట్టే కమాండ్లను చదివి యంత్రానికి అందించే షెల్ పేరు అదే. ఏ సమయంలో చూసినా అలాంటివి డజన్లకొద్దీ నడుస్తుంటాయి. పెళ్లిలో తెల్లచొక్కా వేసుకుని హడావిడిగా తిరిగేవాణ్ణి మగపెళ్లివారు ఆడపెళ్లివారి తరఫనీ, ఆడపెళ్లివారు మగపెళ్లివారి తరఫనీ అనుకుని భోజనం పెట్టేస్తారు చూడండి, అలా.

తర్వాతి కథ అర్థం కావాలంటే ఆ యంత్రాన్ని నడిపే యూనిక్స్ ఇంటి పద్ధతులు కాస్త తెలియాలి. కమాండ్ రాసి చివర ఆంపర్సాండ్ గుర్తు పెడితే ఆ పని తెరవెనక్కి వెళ్లిపోతుంది, మన చేతిలో దాని నంబరు ఒకటి మిగులుతుంది. పొయ్యి మీద పప్పు పడేసి కూరలు తరుక్కున్నట్టు మనం ఇంకో పని చూసుకోవచ్చు. కానీ మధ్యమధ్యలో మూత తీసి చూడాలి. అందుకు పీఎస్ అనే కమాండ్ ఉంది. ఏ నంబరు ఇంకా నడుస్తోంది, ప్రాసెసర్‌ని ఎంతసేపు వాడుకుంది, దాన్ని కన్నదెవరు, అన్నీ చెబుతుంది. తేడా కనిపిస్తే కిల్ అని రాసి ఆ నంబరు వెయ్యాలి. ఉత్త కిల్ అంటే సామాన్లు సర్దుకుని బయల్దేరమని మర్యాదగా చెప్పడం. దానికి 9 జోడిస్తే మెడపట్టి గెంటడం. నడుస్తున్న పనిని ప్రాసెస్ అంటారు. ఇక కన్న ప్రాసెస్ ముందే పోతే బిడ్డ అనాథ. ఇది నా కవిత్వం కాదు, ఆ రంగంలో వాడే మాటే. అలాంటి అనాథలన్నిటినీ 1వ నంబరు ప్రాసెస్ దత్తత తీసుకుంటుంది.

ఆ రాత్రి వచ్చిన అతిథికి ఈ పద్ధతులన్నీ కంఠతా వచ్చు.

పుట్టీ పుట్టగానే తనను కన్న షెల్ నంబరు దాని చేతికి అందుతుంది. అది వేరు కాపురం పెడుతుంది, అంటే తన ప్రాసెస్ గుంపును తనే మొదలుపెట్టుకుంటుంది. వెంటనే ఆ నంబరు మీద 9 ప్రయోగిస్తుంది. కన్నతల్లి ఖతం. ఇక ఎవరి కడుపున పుట్టిందో పీఎస్‌లో వెతికి లాభం లేదు. తర్వాత కొన్ని నిమిషాలకోసారి తన నకలు ఒకటి కని, తాను తప్పుకుంటుంది. పని అదే, నంబరు మాత్రం కొత్తది. పైగా వాడుకున్న ప్రాసెసర్ సమయం సున్నా నుంచి మొదలు. ఎంతోసేపటి నుంచి యంత్రాన్ని తింటున్న పనేదో పట్టుకుందామని కాపలాదారు చూస్తే ముసలి ప్రాసెస్ ఒక్కటీ కనిపించదు, అన్నీ పాలబుగ్గల పసివాళ్లే. నంబరు చూసి, కిల్ కొట్టేలోపు ఆ నంబరుతో ఎవరూ ఉండరు.

ఉటాలో ఆ రాత్రి ఏ నిమిషానికి ఏం జరిగిందో అక్కడి డాన్ సీలీ తర్వాత గుదిగుచ్చి పెట్టాడు. 9.21కి లోడు 5. మరో ఇరవై నిమిషాలకి 7. 10.01కి 16. ఇంకో అయిదు నిమిషాలకి, ఆ యంత్రంలో ఒకేసారి పరుగెత్తగల ప్రాసెస్‌ల గరిష్ఠ సంఖ్య, 100, నిండిపోయింది. ఇక అది యంత్రమూ కాదు, బల్లా కాదు.

ఇలాంటి ఘడియలో కాపలాదారుకు ఎదురయ్యే చిక్కు ఎంత విచిత్రమైనదో చెప్పాలి. చంపడానికి వాడే కమాండ్ కూడా మామూలుగా ఒక ప్రాసెసే. పట్టిక నిండిపోతే దానికీ చోటు దొరకదు. నిండిపోయిన బస్సులోంచి జేబుదొంగను దించాలంటే పోలీసు ముందు ఎక్కాలి కదా! కిల్‌ని కొన్ని షెల్‌లు బయటి కమాండ్‌గా వదిలెయ్యకుండా తమ కడుపులోనే పెట్టుకున్నది ఇందుకు కూడా.

10.20కి అక్కడి నిర్వాహకుడు ఎలాగో దొరికినవన్నీ ఏరి చంపాడు. ఊపిరి పీల్చుకుని ఉంటాడు. ఇరవై ఒక్క నిమిషాల తర్వాత లోడు 27. 10.49కి యంత్రాన్నే ఆపేశాడు. యంత్రం ఆగితే ఆ జీవి నశిస్తుంది, ఎందుకంటే అది బతికేది జ్ఞాపకంలోనే. కానీ తిరిగి వెలిగించేసరికి పక్క యంత్రాల నుంచి మళ్లీ వచ్చి పడ్డాయి. చంపుతూనే ఉన్నాడు, అయినా 11.21కి లోడు 37.

యంత్రం నుంచి యంత్రానికి తనంతట తానే పాకే ఈ ప్రోగ్రాంని వదిలిపెట్టినవాడు కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రాబర్ట్ టాపన్ మోరిస్. ఇరవై మూడో పుట్టినరోజుకి ఇంకా ఆరు రోజులుంది. తన జాడ దొరక్కుండా ఎంఐటీలోని ఒక యంత్రం నుంచి వదిలాడు. తండ్రి బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ పాస్‌వర్డ్‌ల భద్రత మీద పనిచేసినవాడు, అప్పటికి ప్రభుత్వ జాతీయ కంప్యూటర్ భద్రతా కేంద్రంలో ముఖ్య శాస్త్రవేత్త. కొడుకు రాసిన ప్రోగ్రాం పాస్‌వర్డ్‌లను ఊహించడానికి 432 మాటల జాబితా వెంటేసుకుని తిరిగింది. ఇలాంటి తమాషా కల్పిత కథలో రాస్తే సంపాదకుడు కొట్టేస్తాడు.

ఆ ప్రోగ్రాం ఎవరి సమాచారాన్నీ చెరపలేదు, దేన్నీ పాడుచెయ్యలేదు. యంత్రానికొకటి చొప్పున చప్పుడు లేకుండా నడవాలన్నదే పథకం. అందుకోసం తనమీద తనే కాపలా పెట్టుకుంది. కొత్తగా వచ్చినది 23357వ పోర్టు తలుపు కొట్టి, లోపల తనవాడెవడైనా ఉన్నాడా అని అడుగుతుంది. ఉంటే ఇద్దరూ బొమ్మా బొరుసూ వేసుకుంటారు, ఓడినవాడు తప్పుకోవాలి. అదీ వెంటనే కాదు, చేతిలో ఉన్న పాస్‌వర్డ్ పని కొంత కానిచ్చి మరీ.

ఇక్కడే మోరిస్‌కి అనుమానం వచ్చింది. నిర్వాహకులు తెలివిగా ఆ తలుపు వెనక నకిలీ మనిషిని కూర్చోబెట్టి, ఉన్నాను పో అనిపిస్తే? అందుకని ఏడింట ఒకటి ఆ ప్రశ్నే అడగకుండా లోపలికి వెళ్లి తిష్ఠ వేసేలా రాశాడు. మన రాజుగారి కొడుకులు వేటకెళ్లి తెచ్చిన ఏడు చేపల్లో ఒకటి ఎండలేదు. ఇక్కడా అంతే, ఆరు ఎండుతాయి, ఏడోది ఎండదు. ఒకే యంత్రం తలుపు గంటకి ఎన్నిసార్లు తడతారో అతను తక్కువ అంచనా వేశాడు. వందసార్లు తడితే పద్నాలుగు చావనివి. ఏడుకి బదులు ఏడు వేలని రాసి ఉంటే ఉటాలో ఆ రాత్రి లోడు రెండు దాటేది కాదేమోనని నాకనిపిస్తుంది. పట్టుబడకపోవడం మంచిదయ్యేదా అంటే అది వేరే సంగతి.

తన చేతుల్లోంచి జారిపోయిందని తెలిశాక మోరిస్ హార్వర్డ్‌లోని స్నేహితుడితో మాట్లాడాడు. అర్ధరాత్రి దాటాక ఆ స్నేహితుడు పేరు లేకుండా ఒక సందేశం పంపాడు, క్షమాపణతో పాటు దీన్ని ఆపే మార్గాలు చెబుతూ. అది దాదాపు రెండు రోజులు ఎవరికీ చేరలేదు. దారిలో ఉన్న మెయిల్ యంత్రాన్ని ఈ పీడకు భయపడే మూసేసి ఉంచారు.

విరుగుడు మిగతావాళ్లే వెతుక్కున్నారు. బర్క్‌లీవాళ్లు తెల్లవారకముందే, ఈ జీవి దూరే దారుల్లో ఒకటైన మెయిల్ ప్రోగ్రాం కంతకు మాటు పంపారు. నాకు మాత్రం పర్డ్యూ విశ్వవిద్యాలయంవాళ్ల చిట్కాయే ముచ్చటేస్తుంది. ఈ జీవి తాత్కాలిక ఫైళ్లుండే చోట ఎస్‌హెచ్ అనే పేరుతో తన ఒళ్లు తయారుచేసుకుంటుంది. ఆ పేరుతో ముందే ఫైలు ఉంటే చెరిపేస్తుంది. చెరగని మొండి ఫైలైతే వేరే పేరు పెట్టుకుంటుంది. ఇంత ముందుచూపున్నవాడు అక్కడ ఫైలు కాకుండా, ఫైళ్లు పెట్టుకునే డైరెక్టరీ ఉంటుందని ఊహించలేదు. డైరెక్టరీ ఆ కమాండుతో చెరగదు, పరీక్షలో ఫైలుగా కనిపించదు. దాంతో అదే పేరుతో కట్టుకోబోయి బోర్లా పడుతుంది. ఒక్క కమాండ్‌తో ఎస్‌హెచ్ అని ఖాళీ డైరెక్టరీ పెడితే చాలు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద రుమాలు వేసినట్టే.

1990లో కోర్టు మోరిస్‌కి మూడేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా వేసింది. 1986 నాటి కంప్యూటర్ మోసాల చట్టం కింద జ్యూరీ దోషిగా తేల్చిన మొదటివాడు అతనే. ఆ రాత్రి 6,000 యంత్రాలు మూలపడ్డాయని పత్రికలు రాశాయి, ఇప్పటికీ రాస్తున్నాయి. అది లెక్కపెట్టిన అంకె కాదు. అప్పుడు ఇంటర్నెట్‌లో సుమారు 60,000 యంత్రాలున్నాయి, పదోవంతు వేసుకున్నారు.

ప్రోగ్రాంలో మాత్రం కబురు పంపే ఏర్పాటు ఒకటి ఉంది. పదిహేనింట ఒకసారి బర్క్‌లీలోని ఎర్నీ అనే యంత్రానికి ఒక్క బైటు పంపాలి. లెక్క కోసమో, అనుమానం బర్క్‌లీ మీదికి మళ్లించడానికో. కానీ దానికి కావలసిన రకం సాకెట్ బదులు మరో రకం తెరిచాడు. ఎర్నీకి ఒక్క బైటూ అందలేదు.