కరువు కాలపు చేతిపని: సీమ ఇళ్ళలో రాట్నం నుంచి సూది దాకా

బయటి పని ఆగిపోయి మనుషులు ఇంటిపట్టున ఉండాల్సి వచ్చిన చాలా చోట్ల చేతిపనులు పుట్టాయి. కశ్మీరులో డిసెంబరు 21 నుంచి 40 రోజులు సాగే చిల్లాయ్ కలాన్ చలిలో కాంగ్డీ కుంపటి పక్కన కూర్చుని శాలువాల మీద సూదిపని చేస్తారు. స్విట్జర్లాండులోని జూరా కొండల రైతులు మంచు కురిసే నెలల్లో గడియారాల విడిభాగాలు చేసేవారు. తెలుగు నేలకు అంతటి చలి లేదు. రాయలసీమలో మనిషిని ఇంట్లో కూర్చోబెట్టేది వాన రాకపోవడం. అందువల్ల ఇక్కడి ఇంటి చేతిపనుల చరిత్ర కరువుల చరిత్రతో కలిసి నడిచింది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల మధ్య ఉన్న వీరపునాయునిపల్లె వంటి మెట్ట పల్లెలను చూస్తే ఈ సంబంధం తెలుస్తుంది. కడప జిల్లాలో ఏటా సగటున కురిసేది సుమారు 700 మిల్లీమీటర్ల వాన. అదీ ఒక ఏడు కురిసినట్టు మరో ఏడు కురవదు. నల్లరేగడిలో జొన్న, పత్తి, శనగ, ఎర్రనేలల్లో వేరుసెనగ, కొర్ర, సజ్జ పండించడం ఇక్కడి అలవాటు. పంట ఇల్లు చేరిన తరువాత మళ్ళీ తొలకరి పడేదాకా మెట్ట రైతుకు పొలంలో పెద్దగా పని ఉండదు. వాన తప్పిన ఏడు ఆ ఖాళీ ఇంకా పెరుగుతుంది. ఆ నెలలను కుటుంబం ఎలా గట్టెక్కిందన్నది చాలావరకు ఇంట్లోని చేతుల మీద ఆధారపడింది.

రాట్నం తిరిగిన ఇళ్ళు

ఇంటి పనులలో ఎక్కువమందికి ఆధారమైంది నూలు వడకడం. రేగడి చేలలో ఏరిన పత్తి ఇల్లు చేరాక గింజ తీసేవారు. దూదేకులవారు వింటితో ఏకి దూదిని మెత్తగా విప్పేవారు. ఆ దూదిని ఏకులుగా చుట్టుకుని ఆడవాళ్ళు రాట్నం ముందు కూర్చునేవారు. కదురు నిండాక నూలును చిలపలుగా చుట్టి సంతకు పంపితే, తొగట, పద్మశాలి, దేవాంగ నేతగాళ్ళు కొనుక్కునేవారు. రాట్నానికి పెట్టుబడి పెద్దగా అక్కరలేదు. వంటపని, పిల్లల పెంపకం మధ్య ఎప్పుడైనా ఆపి ఎప్పుడైనా మొదలుపెట్టవచ్చు. ముసలివాళ్ళకు, వితంతువులకు నాలుగు గింజలు తెచ్చిపెట్టే పని కూడా అదే.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు.  1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తరువాతి కాలంలో, 1852లో వెలువరించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో రాట్నం, కదురు, ఏకు వంటి మాటలు చోటు చేసుకున్నాయి. అవి అప్పటికి ఇంటింటా వాడుకలో ఉన్న మాటలు.

నేతగాళ్ళ ఇళ్ళలో మగ్గం మీద కూర్చునేది ఎక్కువగా మగవారు. ఆసు పోయడం, కండెలు చుట్టడం, పడుగుకు గంజి పట్టించడం ఆడవాళ్ళు, పిల్లలు, వృద్ధులు చేసేవారు. చీర ఒకరి పేరున అమ్ముడైనా అందులో ఇంటిల్లిపాది పని ఉండేది. నేతగాడికి ముట్టే కూలిలో కండె చుట్టిన చేతికి వేరే లెక్క ఉండేది కాదు. ఇలా లెక్కలోకి రాకపోవడం తరువాతి రోజుల్లో వచ్చిన చాలా ఇంటి పనులకూ సంక్రమించింది.

కంబళి, బొంత, నులక

సంతకు వెళ్ళే నూలు ఒక పాయ అయితే, ఇంటి వాడకానికి చేసుకునే వస్తువులు రెండో పాయ. మార్గశిర, పుష్య మాసాల రాత్రుల చలికి సీమ పల్లెల్లో రెండు ఆసరాలు ఉండేవి. ఒకటి కురుబలు గొర్రెబొచ్చు వడికి నేసే నల్ల కంబళి. గొర్రెల వెంట నడుస్తూనే చేతి కదురుతో ఉన్ని వడికేవారు. కప్పుకోవడానికి, వానలో తల మీద వేసుకోవడానికి, కళ్ళంలో పరుచుకోవడానికి ఆ ఒక్కటే పనికొచ్చేది.

రెండోది బొంత. చిరిగిన చీరలు, పంచెలు ఉతికి, ఒకదాని మీద ఒకటి పొరలుగా పరిచి, అంచు నుంచి అంచుకు దగ్గర దగ్గరగా దారం నడిపిస్తే బొంత తయారవుతుంది. లోపల నేత అరిగిన గుడ్డలు, పైన కాస్త గట్టి చీర వేస్తారు. చంటిబిడ్డకు వేసే బొంతకు మరీ మెత్తబడిన పాతచీరే కావాలి. కొత్త గుడ్డ కొనలేని ఏడాది పాత గుడ్డకు మరికొన్ని ఏళ్ళ ఆయుష్షు పోసే పని ఇది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పంచలో చుట్టూ కూర్చుని తలా ఒక మూల నుంచి కుడితే బొంత త్వరగా పూర్తయ్యేది.

మగవాళ్ళ చేతులూ ఊరకే ఉండేవి కావు. జనుము నానబెట్టి నార తీసి, నులిచి పగ్గాలు, పలుపులు, మోకులు పేనేవారు. ఎద్దుల మూతులకు చిక్కాలు అల్లేవారు. నులక మంచాలు వేసుకునేవారు. ఎరుకల కుటుంబాలు ఈతాకుతో, ఈత బరికెలతో చాపలు, బుట్టలు అల్లేవి. మేదరుల చేతిలో వెదురు చేటగా, గంపగా మారేది. మోదుగాకులను ఈనెలతో కుట్టి విస్తర్లు చేసేవారు. వీటికి ఊళ్ళోనే గిరాకీ ఉండేది. అయితే ఆ గిరాకీ పంటకు కట్టుబడినది. పంట పోతే పగ్గం కొనే రైతూ ఉండడు, చేట కొనే ఇల్లాలూ ఉండదు. చేతిపని కరువును తట్టుకోవడానికి కొంత సాయపడింది, నిజమే. కానీ ఊరంతా పస్తున్నప్పుడు ఆ సాయం చాలేది కాదు.

మిల్లు నూలు, ధాత కరువు

భారతదేశంతో వ్యాపారంలో కంపెనీకి ఉన్న గుత్తాధిపత్యం 1813లో పోయింది. తరువాతి దశాబ్దాలలో ఇంగ్లండు మిల్లు బట్ట, దాని వెంట మిల్లు నూలు మద్రాసు ప్రెసిడెన్సీలోకి దిగాయి. మిల్లు నూలు సన్నగా, సమంగా ఉండేది, ధర తక్కువ. నేతగాళ్ళు దానికి అలవాటు పడ్డారు. మగ్గం బతికింది గాని రాట్నం మూలపడింది. వడికే ఆడవాళ్ళ ఆదాయం పోవడాన్ని నష్టంగా లెక్క కట్టినవారు తక్కువ. అది వాళ్ళ తీరిక వేళల పని అనుకోవడమే దానికి కారణం. ఆ ఆసరా పోయిన ఇళ్ళ మీద 1876లో ధాత నామ సంవత్సరపు కరువు విరుచుకుపడింది.

1876–78 కరువులో కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల ప్రాణాలు పోయాయి. సహాయ పనులంటే ఎక్కువగా రోడ్లకు కంకర కొట్టడం, చెరువు మట్టి మోయడం. మగ్గం మీద సున్నితమైన పనికి అలవాటైన చేతులు ఆ పనికి తట్టుకోలేకపోయేవి. 1880లో కరువు కమిషన్ నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా 1883 నుంచి రూపొందిన కరువు నియమావళులలో నేతగాళ్ళ వంటి వృత్తిదారులకు వారి వృత్తిలోనే పని కల్పించాలన్న ఏర్పాటు చేరింది. అలా ఇంటి చేతిపనికి కరువు సహాయంలో అధికారికంగా చోటు దొరికింది. 

ఖద్దరు తెచ్చిన మలుపు

రాట్నం తిరిగి ఇళ్ళలోకి వచ్చింది స్వాతంత్ర్యోద్యమంతో. రైతుకు ఏడాదిలో కనీసం 4 నెలలు పని ఉండదని, ఆ ఖాళీని నింపగలిగేది రాట్నమేనని గాంధీజీ వాదం. మెట్ట రైతు బతుకుకు సరిగ్గా సరిపోయే మాట అది. 1921 సెప్టెంబరులో మదురైలో కొల్లాయి గుడ్డకు మారిన గాంధీజీ ఆ నెలలోనే కడపకు వచ్చారు. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు సభలతో పాటు ఖాదీ ప్రదర్శన జరిగింది. టికెట్టు లేదని నెహ్రూను ద్వారం దగ్గర ఆపిన బాల స్వచ్ఛంద సేవకురాలు దుర్గాబాయి, పెరిగి పెద్దయ్యాక మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నెలకొల్పి స్త్రీలకు చదువుతో పాటు చేతిపనులు నేర్పించారు.

1925లో అఖిల భారత చరఖా సంఘం ఏర్పడింది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి సన్నని నూలు వడికే పద్ధతి ఉంది. అది ఖాదీ ఉద్యమపు ఆదరణతో దేశమంతటా పేరు తెచ్చుకుంది. కూలి సంగతి మాత్రం సంఘాన్ని చాలాకాలం వెంటాడింది. 8 గంటల వడుకుకు 8 అణాలు ఇవ్వాలని 1935లో గాంధీజీ కోరారు. అంత ఇస్తే ఖద్దరు ధర పెరిగి అమ్ముడుపోదని సంఘం అంతకంటే తక్కువ కనీస కూలితో సరిపెట్టింది. తీరిక పనికి కూడా బతుకు కూలి ఇవ్వాలన్న మాట ఒక జాతీయ సంస్థలో చర్చకు రావడమే పెద్ద మార్పు. దాన్ని పూర్తిగా అమలు చేయలేకపోవడం ఈ పనులకున్న అసలు చిక్కును చూపింది.

గోదావరి లేసు: ఇల్లు దాటని పని, సముద్రం దాటిన సరుకు

ఇంటి చేతిపని విదేశీ బజారుకు ముడిపడితే ఏమవుతుందో తెలుగునాట నర్సాపురం లేసు చెబుతుంది. 1844 ప్రాంతంలో స్కాట్లాండు నుంచి వచ్చిన మెక్రే దంపతులు అక్కడి స్త్రీలకు లేసు అల్లిక నేర్పినట్టు చెబుతారు. కొక్కెం సూది, దారపు ఉండ ఉంటే చాలు. అరుగు మీద కూర్చుని అల్లుకోవచ్చు. బల్లగుడ్డలు, దిండు గలీబులు, దుస్తుల అంచులు ఈ పల్లెల నుంచి ఐరోపాకు, అమెరికాకు వెళ్ళాయి. ఇంట్లోంచి బయటికి రాని స్త్రీలు కూడా ఇందులోకి వచ్చారు. ఒకరు పువ్వు అల్లితే మరొకరు వాటిని అతికేవారు; ఏజెంటు దారం ఇచ్చి సరుకు తీసుకెళ్ళేవాడు.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ లేసు కార్మికుల మీద 1982లో పుస్తకం ప్రచురించారు. రోజుకు 6 నుంచి 8 గంటలు అల్లినా ఆ స్త్రీలకు అతి తక్కువ ప్రతిఫలమే దక్కుతోందని ఆమె పరిశీలన. వాళ్ళను కార్మికులుగా కాక ఇంట్లో ఖాళీగా కూర్చున్న గృహిణులుగా చూడడమే దానికి కారణమని ఆమె తేల్చారు. కండె చుట్టిన చేతికి, రాట్నం తిప్పిన చేతికి జరిగినదే లేసు అల్లిన చేతికీ జరిగింది. 2024లో నర్సాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పేరును మరొకరు వాడుకోకుండా అది కాపాడుతుంది. అల్లికకు ఎంత కూలి ఇవ్వాలో నిర్ణయించే అధికారం దానికి లేదు.

సంఘాల కాలం

సీమను 1950ల తొలి ఏళ్ళలో మళ్ళీ పెద్ద కరువు పట్టింది. గంజి కేంద్రాలు తెరవాల్సి వచ్చింది. తరువాతి దశాబ్దాలలో బోర్లు, వేరుసెనగ సాగు, వలసలు పల్లె బతుకును మార్చాయి. ప్లాస్టిక్ తాళ్ళు జనుము పగ్గాలను, మిల్లు దుప్పట్లు కంబళ్ళను పక్కకు నెట్టాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాల్లో మగ్గం నిలబడింది గాని మరమగ్గంతో పోటీ తప్పలేదు.

1982లో మొదలైన డ్వాక్రా పథకం, 1990లలో ఆంధ్రప్రదేశంతటా అల్లుకుపోయిన పొదుపు సంఘాలు ఇంటి పనికి కొత్త ఆధారం కల్పించాయి. పాత రోజుల్లో దారం, సొమ్ము, బజారు మూడూ వ్యాపారి చేతిలోనే ఉండేవి. సంఘంలో ఉన్న స్త్రీ బ్యాంకు అప్పుతో కుట్టుమిషను తానే కొనుక్కోగలిగింది.

ఆ మార్పుకు 2020లో పరీక్ష వచ్చింది. కరోనా లాక్‌డౌనుతో రాష్ట్రమంతా ఇళ్ళకే పరిమితమైన ఏప్రిల్ నెలలో, ఒక్కొక్కరికి 3 చొప్పున సుమారు 16 కోట్ల గుడ్డ మాస్కులు పంచాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించింది. కుట్టే పనిని స్వయం సహాయక సంఘాల స్త్రీలకు అప్పగించింది. గుడ్డ సంఘానికి చేరింది, కుట్టిన మాస్కుకు ఇంతని కూలి ముందే నిర్ణయమైంది. బయటి పనులు చాలావరకు ఆగిన నెలల్లో మాస్కులు కుట్టిన ఇంటికి కొంత ఆదాయం అందింది.

రెండు శతాబ్దాల ఈ క్రమంలో పనిముట్టు మారింది, సరుకు మారింది, కొనేవాడు మారాడు. కష్టకాలాన్ని ఇంటి చేతులే మోయడం మాత్రం మారలేదు. ఆ చేతులకు న్యాయం జరిగిన సందర్భాలు కొన్నే. దారం ఎవరిదో, ధర ఎవరు నిర్ణయిస్తారో ముందే తేలిన చోట ఆ పని కుటుంబాన్ని నిలబెట్టింది. దాన్ని తీరిక పనిగా వదిలేసిన చోట, సరుకు సముద్రాలు దాటినా చేసిన మనిషి ఇంట్లో కరువు తీరలేదు.